చోటు కూడా లెక్కలోదే

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపలవేట బాగా తగ్గిపోయింది. ఆ కాలంలో ఫ్యూమే రేవు బజారుకు వచ్చిన చేపల్లో సొరలు, టేకులు లాంటి వేటాడే జాతుల వాటా పెరిగింది. 1914లో సుమారు 12 శాతం ఉన్నది 1918కి 36 శాతానికి చేరింది. ఎందుకిలా అని జీవశాస్త్రవేత్త డాంకోనా అడిగితే, 1926లో గణితవేత్త విటో వొల్తెరా రెండు సమీకరణాలు రాసి జవాబిచ్చాడు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లోట్కా అలాంటివే ఏడాది ముందు రాసి ఉన్నాడు. ఎర పెరిగితే వేటాడేది పెరుగుతుంది, అది పెరిగితే ఎర తరుగుతుంది, ఎర తరిగితే అదీ తరుగుతుంది. కాగితం మీద ఈ చక్రం ఎన్నటికీ ఆగదు.

పాఠం చెప్పేటప్పుడు నేనూ వీటితోనే మొదలుపెడతాను. కానీ ఇందులో కాలం ఉంది, చోటు లేదు. ప్రతి జీవికీ ప్రతి జీవీ ఎదురుపడుతుందన్నట్టే లెక్క నడుస్తుంది. నిజంగా అలా అన్నిటినీ ఒకచోట చేరిస్తే ఏమవుతుందో రష్యాలో గౌజ్ గాజుగొట్టాల్లో చేసి చూశాడు. ఏకకణ జీవుల్లో ఎర మొత్తం అయిపోయింది, ఆ వెనకే వేటాడేదీ ఆకలితో పోయింది.

ఇక్కడే నాకు కాలిఫోర్నియా శాస్త్రవేత్త కార్ల్ హఫేకర్ మీద గౌరవం కలుగుతుంది. 1958లో ఆయన ప్రచురించిన ప్రయోగంలో రెండు రకాల నల్లులున్నాయి. ఒకటి నారింజల మీద బతికేది, రెండోది దాన్ని తినేది. పండ్లు దగ్గరదగ్గరగా ఉంటే గౌజ్ చూసిందే జరిగింది. అప్పుడాయన 252 నారింజలు పేర్చి, ప్రతి పండులోనూ ఇరవయ్యో వంతు మాత్రం తెరిచి ఉంచి, మిగతాది మూసేశాడు. నడిచే దారులకు వాజిలీన్ అడ్డుపెట్టాడు. సన్నని పుల్లలు నిలబెట్టాడు. ఎర నల్లి పుల్ల కొనకెక్కి, తన దారప్పోగు పట్టుకుని గాలిలో తేలి ఇంకో పండు చేరగలదు. వేటాడే నల్లికి నడకే గతి. ఒక పండు మీద ఎర తుడిచిపెట్టుకుపోయే వేళకు దూరంగా మరో పండు మీద కొత్త కాపురం లేచేది. అలా మూడుసార్లు రెండూ పెరిగి తరిగాక గాని ఆట ముగియలేదు.

ఈ నడకను సమీకరణంలోకి తేవడమే మా పని. దిక్కు ఎంచుకోకుండా తిరిగే జీవులు మొత్తం మీద కిక్కిరిసిన చోటు నుంచి ఖాళీ వైపు పరుచుకుంటాయి. వొల్తెరా సమీకరణాలకు ఈ వ్యాపనాన్ని కలిపితే జనాభా అలలా సాగుతుంది. అల వేగం ఎంతో 1937లోనే ఫిషర్, కొల్మొగొరోవ్ వేర్వేరుగా చూపించారు: పెరుగుదల రేటును వ్యాపన గుణకంతో (జీవులు ఎంత జోరుగా పరుచుకుంటాయో చెప్పే సంఖ్యతో) హెచ్చించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేయాలి. అంటే సంతానం నాలుగింతల జోరుగా పెరిగితేనే అల రెండింతల వేగంతో కదులుతుంది. ఎర అల వేటగాడి అల కంటే వేగమైనదైతే, ముందంచున ఎర ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉంటుంది.

అయితే ఈ అందానికి లొంగిపోకూడదు. 1986లో ముర్రే బృందం నక్కల్లో రేబీస్ వ్యాప్తికి ఇలాంటి నమూనానే కట్టింది. మొదటి అల వెళ్లాక మళ్లీ అలలు వస్తాయని అది చెప్పింది. 1991లో డెనిస్ మాలిసన్ ఒక సంగతి ఎత్తిచూపాడు. రెండు అలల నడుమ ఆ నమూనాలో చదరపు కిలోమీటరుకు మిగిలే జబ్బు నక్క, ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెడితే వచ్చేన్ని ముక్కల్లో ఒక్క ముక్క! ఆ ముక్క నుంచే రెండో అల లేస్తోంది. అడవిలో అలాంటి నక్క ఉండదు. నా దృష్టిలో ఈ రంగంలో ప్రతి విద్యార్థీ మొదట చదవాల్సిన విమర్శ అది.

అందుకే నమూనాలు కట్టే పిల్లలకు ఒకటే చెబుతున్నాను. జనాభా ఒకటి కంటే కిందికి జారిన చోట లెక్క ఆపి చూడండి. వ్యాపన గుణకాన్ని ఊహించి వేయకండి, ఆ జీవి రోజుకు ఎంత దూరం తిరుగుతుందో దాన్ని వెంటాడి చూసినవాళ్లను అడిగి వేయండి.