హైదరాబాదు క్లోరోఫారం సంఘము: సగము సత్యము

మత్తు ఇచ్చిన రోగికి ముప్పు ఊపిరివలన వచ్చునా, గుండెవలన వచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన ప్రసిద్ధ పరిశోధన మన తెలుగుగడ్డపై జరిగినది. అది గర్వింపదగినదే, విమర్శింపదగినది కూడ.

1848లో ఇంగ్లండున హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారం పీల్చి, కొద్ది నిమిషములలో మరణించెను. ఇట్టి మరణములకు కారణము తేల్చుటకై హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగానున్న ఎడ్వర్డు లారీ, ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖాన్ పోషణతో 1888, 1889లలో రెండు సంఘములను నడిపెను. రెండవదానికి లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. వందలకొలది జంతువులపై ప్రయోగింపగా ముందు ఊపిరియు, తరువాత గుండెయు ఆగినట్లు వారు తేల్చిరి. కనుక ఊపిరిని కనిపెట్టిన చాలును, నాడి చూడనక్కరలేదని లారీ బోధించెను.

ఇందు దోషమేమి? వారు చూచినది అబద్ధము కాదు. తాము చూడనిది లేనేలేదనుటయే దోషము. 1911లో గుడ్మన్ లీవీ, పిల్లులకు క్లోరోఫారం కొద్దిగా మాత్రమే ఇచ్చి ఎడ్రినలిన్ ఎక్కించగా, గుండె లయతప్పి హఠాత్తుగా ఆగుటను చూపెను. భయపడిన రోగి శరీరములో ఎడ్రినలిన్ తనంతట తానే ఊరును గదా!

ఊపిరి ఆడిన చాలునన్న మాట కూడ పూర్తిగా నిలువదు. రొమ్ము శస్త్రచికిత్సలో తరచుగా ఒక ఊపిరితిత్తికి గాలి ఆపి, రెండవదానితోనే శ్వాస నడిపింతురు. గాలి లేని తిత్తిలో సైతము కొంత రక్తము ప్రవహించును. సరకు లేని గిడ్డంగికి పోయిన బండ్లవలె ఆ రక్తము ఆమ్లజని లేకయే తిరిగివచ్చును. ఆ తిత్తిలోని రక్తనాళములు కుంచించుకొని ఈ నష్టమును తగ్గించును. అయితే పీల్చు మత్తుమందుల మోతాదు పెరిగినకొలది ఆ రక్షణ సడలును. శ్వాస సక్రమముగా కనబడుచున్నను రక్తములో ఆమ్లజని పడిపోవచ్చును.

అందుకే నేడు వ్రేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలింతురు. జపానులో తకువో అవొయాగి 1970 దశకమున రూపొందించిన ఈ పద్ధతి, ఎరుపు, పరారుణ కాంతులతో రక్తమునందలి ఆమ్లజనిని అంచనా వేయును. ఆరోగ్యవంతులలో అది సాధారణముగ 95 శాతమునకు పైన ఉండును. గుండె లయను వేరొక యంత్రము చూపుచుండును.

ఉపాధ్యాయులు తరగతిలో 1889ని చెప్పినపుడు 1911ని కూడ చెప్పవలెను. ఎన్ని ప్రయోగములు చేసితిమన్నది మాత్రమే చాలదు. ఏ పరిస్థితిని ప్రయోగింపక విడిచితిమన్నది కూడ విద్యార్థి అడుగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న మరచిన చోట సగము సత్యము నిండు ప్రాణమును తీయగలదు.