కాఫీలో రెండు ఎఫ్‌లు

టన్నెల్, మిల్లెట్, పెప్పర్ అని మనం ఒత్తి రాస్తాం, ఒత్తి పలుకుతాం. స్పెల్లింగులో అక్షరం రెండుసార్లు కనిపిస్తే తెలుగువాడి నాలుక దాన్ని వత్తుగానే తీసుకుంటుంది. గడికీ గడ్డికీ, కలకీ కల్లకీ తేడా ఆ వత్తే కదా. ఇంగ్లీషువాళ్లు మాత్రం ఆ జంటను ఒక్క అక్షరంగానే పలికి ఊరుకుంటారు.

ఆదివారాలు అరకులోని హాస్టల్ పిల్లలతో కూర్చుని మాటల పట్టీలు కట్టడం నాకు అలవాటు. ఒకే రకం అక్షరాలున్న మాటలన్నీ ఏరి, పక్కన అర్థం రాయడం. ఒక వారం పలకని 'కె' మాటలు: నైఫ్ అంటే కత్తి, నీ అంటే మోకాలు, నాట్ అంటే ముడి. వాటితో పేచీ లేదు, ఒక్క పూటలో అయిపోతాయి. జంట అక్షరాలే వారాల తరబడి సాగుతాయి, ఎందుకంటే అరకు నిండా అవే. హిల్ అంటే కొండ, వ్యాలీ అంటే లోయ, విలేజ్ అంటే ఊరు. టన్నెల్ అంటే సొరంగం. కేకే లైను మీద విశాఖ నుంచి వచ్చే రైలు యాభైకి పైగా సొరంగాలు దాటుతుంది. పెప్పర్ అంటే మిరియం, సిల్వర్ ఓక్ చెట్లకు ఎగబాకే తీగ. ఆ చెట్ల నీడనే పెరిగేది కాఫీ, 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన అరాబికా. ఇక సామలను లిటిల్ మిల్లెట్ అంటారు. రెండు మాటలు, రెండు జంటలు!

బజారులో దొరికే వొకాబ్యులరీ గైడ్లలో ఇవేవీ ఉండవు. అకారాది క్రమంలో మొదటి మాటే అబాండన్, అర్థం వదిలిపెట్టడం. పిల్లలు ఆ పుస్తకాన్ని సరిగ్గా అదే చేస్తారు.

"మేస్టారూ, పలకనప్పుడు రెండోది రాయడం ఎందుకు?" అని ఒక పాప అడిగింది. దీనికి జవాబు చెప్పకుండా స్పెల్లింగులు బట్టీ పట్టించడం దండగ. జంట హల్లుకు ఇంగ్లీషులో ఒక పని ఉంది. తన ముందున్న అచ్చును సాగనివ్వకుండా కురచగా ఉంచడం. కోమా, కామా చూడండి. 'ఎమ్' ఒకటైతే మనిషికి స్పృహ లేదని, రెండైతే వాక్యంలో కాస్త ఆగమని. (కామాను మనం సాగదీస్తాం గానీ వాళ్ల నోట అది కురచే.) సూపర్‌లో ఇంకో 'పి' చేరిస్తే సప్పర్, రాత్రి తినే తిండి. డైనర్ భోంచేసే మనిషి, ఇంకో 'ఎన్' పడితే డిన్నర్, ఆ భోజనం. హోపింగ్ ఆశపడటం, హాపింగ్ గెంతడం. ఈ జతలు చెప్పాక పిల్లలు స్పెల్లింగును తిట్టుకోవడం మానేసి చెవితో పట్టుకోవడం మొదలుపెడతారు.

నియమం చెప్పిన రోజే మినహాయింపులూ చెప్పేయాలి, లేదంటే వచ్చే వారం వాళ్లే పట్టుకుంటారు. లెమన్, సిటీ మాటల్లో అచ్చు కురచే, హల్లు మాత్రం ఒకటే. రివర్, సెవెన్ కూడా అంతే. 'వి'ని రెట్టించడం ఇంగ్లీషులో బహు అరుదు.

అసలు ఇంగ్లీషువాళ్లూ ఒకప్పుడు మనలాగే ఒత్తి పలికేవారు. ఇటలీవాళ్లు నేటికీ పలుకుతారు. కాలక్రమాన ఇంగ్లీషులో ఆ వత్తు నాలుక మీంచి పోయి కాగితం మీద మిగిలింది. నన్నయ తర్వాత సుమారు వందేళ్లకు, 12వ శతాబ్దంలో, ఓర్మ్ అనే క్రైస్తవ సన్యాసి సువార్త బోధలను పద్యాలుగా రాశాడు. 'ఓర్ములమ్' అని దాని పేరు. అందులో కురచ అచ్చు తర్వాతి హల్లును పట్టుబట్టి రెట్టించాడు. అంత పట్టుదల తర్వాత ఎవరికీ లేకపోబట్టే ఇన్ని మినహాయింపులని నా అనుమానం.

పెప్పర్ కథ ఇంకా తమాషా. అది మన పిప్పలే. గ్రీకు, లాటిన్ల మీదుగా ఇంగ్లీషుకు చేరేసరికి పిప్పలి పేరు మిరియానికి అంటుకుంది. దారిలో పోయిన వత్తు ఇంగ్లీషు రాతలో మళ్లీ కనిపించింది, అదీ పలకకుండా. విశాఖ మన్యంలో పిప్పళ్లు ఇప్పటికీ పండిస్తారు. వేరును మోడి పేరుతో మందులకు అమ్ముతారు.

అచ్చులు జంటగా వస్తే పని తిరగబడుతుంది. ట్రీ, సీడ్, రూట్, బాంబూ: ఇక్కడ జంట అంటే దాదాపుగా మన దీర్ఘమే. కాఫీలో రెండు రకాలూ ఉన్నాయి. రెండు 'ఎఫ్'లు ముందున్న అచ్చును కురచ చేస్తే, చివరి రెండు 'ఇ'లు ఈకారాన్ని ఇస్తాయి. అరకు రోడ్ల మీద ఒక 'ఎఫ్' మింగేసిన బోర్డులు కొన్ని చూశాను. తాగేవాడికి తేడా తెలియదు గానీ, ఆ తోటలోంచి వచ్చిన పిల్లకు తెలిసి తీరాలంటాను.

అర్థాల దగ్గరే నాకు అసలు చిక్కు. హిల్ పక్కన కొండ అని రాస్తే పని అయిపోయినట్టు మనకు అనిపిస్తుంది. ఇక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, కువి, లేదా కూబి అనే కొండ భాష. బళ్లో నేర్చుకున్న తెలుగుతోనే ఆ పిల్లలకు ఇంగ్లీషు అర్థం చెబుతున్నాం. గిడుగు రామమూర్తి ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర కొండల్లో తిరిగి ఆ భాష నేర్చారు. మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చినా వదల్లేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. సవర మాట ఎదురుగా ఇంగ్లీషు మాట, మధ్యలో తెలుగు దుబాసీ లేకుండా! 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చింది, తెలుగు లిపిలోనే. అంటే లిపి లేదన్న సాకు కూడా మనకు మిగల్లేదు.

కొండ ఊళ్ల బడుల్లో ఇంగ్లీషు చెప్పే మేస్టార్లకు, టీచరమ్మలకు నా మనవి ఒక్కటే. మాటల పట్టీ వేసేటప్పుడు మూడు గళ్లు గీయండి. ఇంగ్లీషు, తెలుగు మీరు నింపండి. మూడోది పిల్లలకు వదిలేయండి. ఇంట్లో అమ్మనో తాతనో అడిగి వాళ్లే రాసుకొస్తారు. ఆ గడిలో ఎర్ర సిరా పెట్టకండి.