పాయ తీసి వేసే మందు

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున మా కుక్క రాజుగాణ్ణి మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుంటాను. మెడ వెనక, రెండు భుజాల నడుమ బొచ్చును వేళ్లతో పాయ తీస్తాను. లోపల చర్మం గీతలా కనబడగానే పేలకూ గోమార్లకూ వేసే మందు ట్యూబు మూతి దానికి ఆనించి పిండుతాను. బొచ్చు మీద పడిన మందు దండగే. చర్మానికి తగిలితే అక్కడి నూనెతో కలిసి ఒకటి రెండు రోజుల్లో ఒళ్లంతా పాకుతుంది. మా వాడికి వేసే ఫిప్రోనిల్ చర్మంలోని నూనె గ్రంథుల్లో నిలవ ఉండి, నెల్లాళ్లూ కొద్దికొద్దిగా పైకి వస్తుంది. అందుకే మందు వేసే రోజుకి రెండు రోజుల ముందూ, రెండు రోజుల తర్వాతా స్నానం ఉండదు. మెడ వెనకే ఎందుకంటే, నాలుక అక్కడికి అందదు.

ఇంత శ్రద్ధ నాకు మొదట్లో లేదు. మూడేళ్ల క్రితం మా పిల్లి చిన్నికి పేలు (ఫ్లీలు) పడితే మందుల షాపుకి వెళ్లాను. "పిల్లికి వేరే ఎందుకండీ, కుక్క మందే రెండు చుక్కలు వేయండి" అన్నాడు అక్కడి అబ్బాయి. వేశాను. సాయంత్రానికి చిన్ని చెవులు అదరసాగాయి. రాత్రికి ఒళ్లంతా వణుకు, నాలుగడుగులు వేస్తే కాళ్లు తడబాటు.

డాక్టరు గారు ట్యూబు మీద పేరు చదివి, "ఇందులో పెర్మెత్రిన్ ఉందమ్మా. కుక్క తట్టుకుంటుంది, పిల్లి కాలేయం దీన్ని అరిగించుకోలేదు" అన్నారు. గిన్నెలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చటి నీళ్లతో మందంతా కడిగేశారు. వణుకు తగ్గడానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండు రాత్రులు దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. బతికింది. రాజుగాడి పక్కలో పడుకుని వాణ్ణి నాకే అలవాటు దానికుంది కాబట్టి, ఆనాటి నుంచి వాడికి కూడా పెర్మెత్రిన్ ఉన్న మందు తేవడం మానేశాను.

మందు మానేద్దామంటే కుదరదు. ఒక్క గోమారి నెత్తురు తాగి ఉబ్బి కిందికి రాలిందంటే, గోడ పగుల్లో వేల గుడ్లు పెడుతుంది. అది మోసుకొచ్చే ఎర్లీకియా వల్ల కుక్కకు జ్వరం వస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పట్టుకున్న గోమారి మీద కిరోసిన్ పూయడం, దాన్ని అగరుబత్తితో కాల్చడం మా ఊళ్లో చూశాను. రెండూ ప్రమాదమే. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిదానంగా లాగితే మూతితో సహా వస్తుంది. పేల సంగతి వేరు. కంటికి కనబడేవి కొన్నే. గుడ్లు, పిల్ల పురుగులు పరుపులో, చాప కింద ఉంటాయి. ఆదివారం మందు వేశాక దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం అందుకే.

ట్యూబు తెరిచే ముందు రాజుగాణ్ణి ఎత్తుకుని త్రాసు ఎక్కుతాను. నా బరువు తీసేస్తే ఈ నెల వాడు 18 కిలోలు. 10 నుంచి 20 కిలోల ట్యూబు సరిపోతుంది. ఆ అంకెను గోడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే రాస్తాను. వాడి మందు పెట్టె వరండా అల్మారాలో ఉంటుంది. చిన్ని పెట్టె వంటింటి పై అరలో, పేరు రాసి, విడిగా ఉంటుంది.