రెండవ భాష మెదడును కాపాడునా?

2013వ సంవత్సరములో హైదరాబాదునందలి నిజాం వైద్య విజ్ఞాన సంస్థనుండి వెలువడిన ఒక పరిశోధన దేశవిదేశములలో పేరుపొందినది. డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు డిమెన్షియా గల 648 మంది వివరములను పరిశీలించిరి. డిమెన్షియా అనగా ముసలితనపు మతిమరపు మాత్రమే కాదు. జ్ఞాపకము, ఆలోచన, మాట క్రమముగా దెబ్బతిని, నిత్యకృత్యములకు సైతము ఇతరులపై ఆధారపడవలసివచ్చు స్థితి. ఈ రోగులలో 391 మంది రెండు గాని అంతకు మించి గాని భాషలు మాట్లాడువారు. ఒకే భాష ఎరిగినవారికంటె వీరికి వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా కనిపించినది.

ఈ పరిశోధన గొప్పతనము ఎక్కడ ఉన్నదో మొదట చూడవలెను. అంతకుముందు కెనడాలో ఇట్టి ఫలితమే వచ్చినది గాని, అచ్చటి ద్విభాషులలో పెక్కురు వలస వచ్చినవారు. కారణము భాషయా, వలసయా అను సందేహము తీరలేదు. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు వీధిలోనే కలిసిమెలిసి ఉండును. రెండవ భాషకై ఎవరును దేశము విడువనక్కరలేదు. చదువురాని వారిలో సైతము ఈ తేడా కనిపించుటచే, ఇది కేవలము చదువు ఫలమని త్రోసివేయుటకు వీలులేదు. మూడవ భాష వలన అదనపు లాభము లేదని కూడ పరిశోధకులు దాచక చెప్పిరి.

అయినను లోపమొకటి కలదు. పరిశీలింపబడినవారందరును రోగులే. పరీక్ష తప్పినవారిని మాత్రమే పిలిచి, "ఏ తరగతిలో తప్పితిరి?" అని అడిగినచో, తప్పనివారెందరో తెలియదు గదా! అట్లే, ఈ లెక్క వ్యాధి ఎప్పుడు వచ్చెనో చెప్పును గాని, ఎందరికి రాకుండెనో చెప్పజాలదు. ఆ ప్రశ్నకు జవాబు కావలెనన్న ఆరోగ్యవంతులను ఏండ్ల తరబడి గమనింపవలెను. అట్టి పరిశోధనలను లండనుకు చెందిన నహీద్ ముకాదమ్, ఆమె సహచరులు 2017లో ఒకచోట చేర్చి చూడగా, ద్విభాషుల కెట్టి రక్షణయు కనబడలేదు.

కాబట్టి భాషనొక్కదానినే చూచిన చాలదు. జన్యువుల పాత్ర కలదు. 19వ క్రోమోజోముపైనున్న అపోఈ జన్యువునకు ముఖ్యముగా మూడు రూపములు. వానిలో నాలుగవ సంఖ్య గల రూపము ఆల్జైమర్ వ్యాధికి అవకాశమును పెంచునని 1993లో తెలిసినది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామములలోను ఈ సంబంధము కనబడినట్లు 2000లో ప్రకటించిరి. అయితే జన్యువు తలవ్రాత కాదు. ఆ రూపము ఉండియు వ్యాధి రానివారు అనేకులు.

జన్యువును మార్చుకొనలేము గాని, దీర్ఘవ్యాధులను అదుపులో ఉంచుకొనవచ్చును. రక్తపుపోటు, మధుమేహము మెదడులోని సన్నని రక్తనాళములను పాడుచేయును. పక్షవాతము రాకున్నను, లోలోపల చిన్న చిన్న గాయములేర్పడును. అమెరికాలో తొమ్మిదివేలకు పైబడినవారిపై జరిపి 2019లో ప్రకటించిన పరీక్షలో, రక్తపుపోటును గట్టిగా అదుపుచేసినవారికి స్వల్ప బుద్ధిమాంద్యము తక్కువగా వచ్చినది. డిమెన్షియా తగ్గినట్లు మాత్రము నిశ్చయముగా తేలలేదు. 2024లో లాన్సెట్ సంఘము పదునాలుగు కారణములను పేర్కొని, వానిని తొలగించినచో సుమారు 45 శాతము డిమెన్షియాను నివారించుటయో, వాయిదా వేయుటయో సాధ్యమని అంచనా వేసినది. రక్తపుపోటు, మధుమేహము, వినికిడి లోపము, చిన్ననాటి చదువు కొరత అందులోనివే.

మరి భాషకు విలువ లేదా? హైదరాబాదు బృందమే 2016లో పక్షవాతము వచ్చిన 608 మందిని పరిశీలించినది. ద్విభాషులలో 40.5 శాతమునకు, ఏకభాషులలో 19.6 శాతమునకు మాత్రమే బుద్ధి చెక్కుచెదరక నిలిచినది. దీనిని బట్టి గాయము తగిలిన మెదడునకు భాషాభ్యాసము కొంత ఊతమీయవచ్చునని తోచును. అయితే రక్తనాళమునకు తగులు గాయమును అది ఆపజాలదు.

ఈ భేదమును ఉపాధ్యాయులు గుర్తింపవలెను. పల్నాడులోని నూజెండ్ల వంటి పల్లెపట్టున తెలుగు తప్ప వేరు భాష ఎరుగని వృద్ధులు ఎందరో కలరు. "రెండవ భాష వచ్చినవారికి మతి చెడదు" అను మాట బడినుండి ఇంటికి చేరినచో, ఆ వృద్ధుడు తన గతి ఇంతేయని నిరాశ చెందును. రెండు భాషలు వచ్చిన మనుమడు తనకేమియు కాదని ధీమాపడును. రెండును పొరపాటే. పిల్లలకు హిందీ, ఇంగ్లీషు నేర్పుటకు వేరు కారణములు చాలును. ఇంటిలోని పెద్దలకు ఏటేట రక్తపుపోటు, చక్కెర పరీక్ష చేయించుట, వ్రాసియిచ్చిన మాత్ర మానకుండ చూచుట అంతకంటె నమ్మదగిన సాయము.