స్పర్శలిపియు తెలుగు పుస్తకమును

ప్రొద్దుటూరి అగస్త్యేశ్వరాలయమున పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవమును రచించిరని ఆ ప్రాంతమువారు గర్వముతో చెప్పుకొందురు. అది కంటికంటె ముందు చెవికి పట్టువడు కావ్యము. లయయే దాని ప్రాణము. ఇట్టి కావ్యములుండుటచేతనే కాబోలు, అంధుల ప్రసంగము వచ్చినపుడెల్ల ఒక సమాధానము సులభముగా వినవచ్చుచుండును: "ఎవరైన చదివి వినిపించిన చాలదా? వారికి పుస్తకమెందుకు?" ఈ మాట దయతో పలుకబడుచున్నదే గాని విచారించి పలుకబడుచున్నది కాదు.

వినుట వేరు, చదువుట వేరు. చదివించుకొనువాడు ఇతరుల తీరిక కొలది వినవలెను. నచ్చిన పాదమునొద్ద నిలిచి పదిమారులు వెనుకకు మరలుటకు మొగమాటపడును. అంతకంటె ముఖ్యము అక్షరజ్ఞానము. చెవితో మాత్రమే భాష నేర్చినవానికి శకార షకారముల భేదము ఎట్లు తెలియును? మన నోట నవి యెంత కలగాపులగమై వెడలుచున్నవో ఎల్లరెరిగినదే.

1829లో లూయీ బ్రెయిలీ ప్రకటించిన ఆరుచుక్కల లిపి ఈ కొరతను తీర్చును. 1951లో భారతీయభాషలకు ఉమ్మడిగా కుదిరిన భారతీ బ్రెయిలీలో తెలుగును వ్రాయు రీతి విచిత్రమైనది. అచ్చులిపిలో గుణింతపు గుర్తులు అక్షరము నెత్తికెక్కును, ఒత్తులు క్రింద వ్రేలాడును, ఇందట్టివి లేవు. 'కి' యనగా కకారము, దాని ప్రక్కన ఇకారము. సంయుక్తాక్షరము వచ్చినపుడు మొదటి హల్లునకు ముందొక చుక్క నిలిచి, దీనికి అచ్చు లేదని వ్రేలికి చెప్పును. క్ష, జ్ఞ అనువానికి మాత్రము వేరు గుర్తులు కలవు. ఏ ధ్వని వెనుక ఏ ధ్వని వచ్చునో వరుసగా తెలియుటచేత, ఛందస్సు నేర్చు బాలునికి ఇది మన లిపికంటె తేటగా నుండునేమోయని నాకు తోచుచున్నది.

అయినను బ్రెయిలీ పుస్తకము బరువు. చేత నిముడు నవల అందు పెద్ద సంపుటములుగా పెరుగును. అందుచేత నేటి విద్యార్థులనేకులు కంప్యూటరు స్వరము నాశ్రయించుచున్నారు. 2006లో ఆస్ట్రేలియాలో ఒక అంధుడు ఆరంభించిన ఎన్.వి.డి.ఏ. ఉచితముగా లభించును, తెలుగును సైతము పలుకును. ఇచ్చటనే మన ప్రచురణకర్తలపై నాకు పెద్ద ఫిర్యాదు కలదు. అను ఖతులతో కూర్చిన ప్రతి మన కంటికి చక్కని తెలుగు. ఆ యంత్రమునకు మాత్రము అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు. పుటలను ఛాయాచిత్రములు తీసి యుంచిన పాతగ్రంథముల పాటు నట్టిదే. 2012లో సవరించిన గ్రంథస్వామ్య చట్టము అంధులకు తగిన రూపమున పుస్తకములను మార్చుకొనుటకు అనుమతించినది. 2013నాటి మరాకెష్ ఒడంబడికను 2014లో మొట్టమొదట ధ్రువపరచినది మన దేశమే. ఢిల్లీలో తలుపు తెరచిరి. అచ్చుకూటమున గడియ తీయరైరి. యూనికోడు ప్రతి నొకటి దాచి, అడిగిన పాఠకునికి పంపుటకు ఎంత వ్యయము?

నేత్రశిబిరములను నేను తక్కువచేయుట లేదు. శుక్లములు తీయించుట మహోపకారము. 2019లో అనంతపురమున ఆరంభమైన కంటివెలుగు బడిపిల్లలను మొదట పరీక్షింప బూనుట మెచ్చదగినదే. కాని చూపు తెప్పించుట యొక పని, చూపు రానివానికి అక్షరమిచ్చుట వేరొక పని. మొదటిదానికి సభలు, ఛాయాచిత్రములు, పూలదండలు కలవు. రెండవదాని గూర్చి జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఒక తల్లి యడిగినచో, "దూరపు వసతిపాఠశాలకు పంపుడమ్మా" యనుటతో మన యుపకారబుద్ధి ముగిసిపోవుచున్నది. బిడ్డ దూరము పోవలసివచ్చిన పోవచ్చును. కాని సెలవులకు వచ్చిన బిడ్డ వ్రాసిన ఉత్తరమును ఇంట చదువగలవారొక్కరును లేకుండుట తగునా?

ఆ లిపిని కన్నులున్నవారు కంటితోనే నేర్వవచ్చును. పలకలో దళసరి కాగితము నిరికించి, కుడినుండి ఎడమకు ములికితో చుక్కలు పొడిచి, కాగితమును త్రిప్పినచో ఎడమనుండి కుడికి చదువుటకు వచ్చును. తొలినాళ్ళలో ఆ తలక్రిందుల వ్రాత కొంత తికమక పెట్టును. ముగ్గులలో చుక్కలు తప్పక కలుపు చేతులకు అది యెంతకాలముండును?