వంశవృక్షంలో ఎవరి నంబరు ఎంత?

తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్లలో వంశవృక్షం రాయడానికి కూర్చుంటే మొదటి చిక్కు పేర్లతోనే వస్తుంది. నలుగురు అన్నదమ్ములూ తమ పెద్దబ్బాయికి తండ్రి పేరే పెడతారు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. ఇంకేం, ఒకే తరంలో నలుగురు వెంకటేశ్వర్లు తయారవుతారు. ఊళ్లో అయితే పెద్ద వెంకటేశ్వర్లు, మిల్లు వెంకటేశ్వర్లు, గుంటూరు వెంకటేశ్వర్లు అని సరిపెట్టుకుంటారు. కాగితం మీద అది చెల్లదు. ఆ మిల్లు మూతపడ్డ ముప్పై ఏళ్లకు చదివేవాళ్లకు ఏ వెంకటేశ్వర్లు ఎవరి కొడుకో తెలియాలంటే పేరు పక్కన ఒక నంబరు ఉండాలి. ఆ నంబరు ఎలా ఇవ్వాలన్నదాని మీద ప్రపంచంలో చాలామందే బుర్ర బద్దలు కొట్టుకున్నారు.

పైకి, అంటే పూర్వీకుల వైపు వెళ్లడం తేలిక. ఎవరికైనా తల్లిదండ్రులు ఇద్దరే కదా! మీరు 1 అనుకోండి. తండ్రి 2, తల్లి 3. ఏ నంబరునైనా రెట్టింపు చేస్తే వారి తండ్రి, ఇంకో ఒకటి కలిపితే తల్లి. మరి 13 ఎవరు? బేసి సంఖ్య కాబట్టి స్త్రీ, 6కు తల్లి. 6 అంటే 3కు తండ్రి. అంటే 13 మీ అమ్మ వాళ్ల నాన్నను కన్నతల్లి. తద్దినంలో మూడు తరాల పేర్లు చెప్పడానికే తడుముకునే మనకు, పేరు తెలియని ముత్తవ్వకు కూడా ముందే ఒక గడి ఖాళీగా ఉంచే లెక్క ఇది. 1590లో మిఖాయేల్ ఐట్‌జింగర్ కొలోన్‌లో అచ్చు వేయించిన గ్రంథంలో ఇది కనిపిస్తుంది. 1676లో స్పెయిన్‌కు చెందిన హెరోనిమో డి సోసా దీన్నే వాడాడు. 1898లో దీనికి మళ్లీ ప్రచారం తెచ్చిన స్టీఫన్ కెకులే, బెంజీన్ నిర్మాణం చెప్పిన రసాయన శాస్త్రవేత్త కెకులేకు స్వయానా కొడుకు.

కిందికి దిగేటప్పుడు ఈ లెక్క పనికిరాదు. ఎవరికి ఎంతమంది పిల్లలు పుడతారో ఏ సూత్రమూ చెప్పలేదు. అందుకే సంతానాన్ని లెక్కపెట్టే పద్ధతులు ఒకటి కాదు, అరడజను దాకా పుట్టుకొచ్చాయి.

అమెరికాలోని బోస్టన్‌లో 1845లో న్యూ ఇంగ్లండ్ వంశచరిత్ర సంఘం ఏర్పడింది. దాని పత్రికలో 1870లో మొదలైన పద్ధతిని పత్రిక పేరుతోనే రిజిస్టర్ పద్ధతి అంటారు. మూలపురుషుడు 1. ఒక తల్లి పిల్లలందరికీ రోమన్ అంకెలు. వారిలో ఎవరి సంతానం గురించి పుస్తకంలో ముందుకు రాస్తారో వారికి మాత్రం 2, 3, 4 అంటూ వరస నంబర్లు. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ మధ్యలో ఒక శాఖ కొత్తగా దొరికిందంటే అక్కడి నుంచి చివరిదాకా నంబర్లన్నీ మారాలి. పైగా 47 అన్న అంకె చూస్తే అది ఎవరి బిడ్డో తెలియదు.

తెలిసేలా చేసింది హెన్రీ పద్ధతి. అమెరికా అధ్యక్షుల కుటుంబాల గురించి 1935లో రెజినాల్డ్ బుకానన్ హెన్రీ రాసిన పుస్తకంలో తరానికో అంకె చేర్చుకుంటూ పోయాడు. 1 మూలపురుషుడైతే 13 ఆయన మూడో బిడ్డ, 132 ఆ మూడో బిడ్డకు రెండో బిడ్డ. పదో బిడ్డ పుడితే? ఎక్స్ అన్న అక్షరం పెట్టాడు, పదకొండుకు ఏ, పన్నెండుకు బి. 1940లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ దాబోవిల్ ఆ అక్షరాల గొడవ లేకుండా మధ్యలో చుక్కలు పెట్టాడు: 1.3.2. ఇంతకంటే మంచి మార్గం నాకైతే కనబడలేదు. దక్షిణాఫ్రికాలో మాత్రం క్రిస్టోఫెల్ డివిలియర్స్ పంతొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టి, తర్వాత పామా అనే ఆయన సవరించిన పద్ధతి నడుస్తోంది. అందులో తరానికో అక్షరం: బి3 సి2 డి1.

చుక్కల నంబరు చేసే పని దగ్గరగా చూడండి. 1.2.4.1 ఒకరు, 1.2.7.3 ఇంకొకరు. ఇద్దరికీ మొదట్లో ఉమ్మడిగా ఉన్నది 1.2. అంటే 1.2 ఇద్దరికీ తాత లేదా అవ్వ, 1.2.4, 1.2.7 తోబుట్టువులు. ఇంగ్లీషువాళ్లకు ఇక్కడితో సరిపోతుంది, ఇద్దరూ కజిన్లు. మనకు సరిపోదు. 4, 7 అన్నదమ్ములైతే వారి పిల్లలు అన్నాచెల్లెళ్లు. 4 అక్క, 7 తమ్ముడు అయితే బావామరదళ్లు, పెళ్లి చేసుకోదగిన వరస. ఆడా మగా అన్నది ఆ నంబరులో లేదు. కాబట్టి తెలుగువాళ్లు ప్రతి నంబరు పక్కనా స్త్రీ, పు అని రాసుకోక తప్పదు.

అసలు చిక్కు మేనరికంతో. 1.1 అక్క, 1.3 తమ్ముడు. అక్క రెండో కూతురు 1.1.2ను మేనమామ 1.3 చేసుకున్నాడు. పుట్టిన బిడ్డ నంబరు తండ్రి వైపు నుంచి 1.3.1, తల్లి వైపు నుంచి 1.1.2.1. ఒకే మనిషి ఒక లెక్కన మూడో తరం, ఇంకో లెక్కన నాలుగో తరం! రెండూ నిజమే. ఒక వైపు నంబరును అసలుదిగా తీసుకుని, రెండో చోట పేరు రాసి 'చూ. 1.3.1' అని పెట్టాలి. ఏ వైపైనా ఫర్వాలేదు గానీ గ్రంథమంతా ఒకటే నియమం ఉండాలి. దత్తత వెళ్లినవారికి పెంచిన ఇంటి నంబరు ఇవ్వాలని నా అభిప్రాయం. ఆస్తీ తద్దినమూ అటే నడుస్తాయి. పుట్టినింటి నంబరు పక్కన రాస్తే చాలు.

పసితనంలోనే పోయిన బిడ్డ సంగతి ఏ పెద్దమ్మకో ఆలస్యంగా గుర్తొస్తుంది. అప్పుడు కింద వాళ్లందరి నంబర్లూ జరపకండి. ఆ బిడ్డకు చివరి నంబరు ఇచ్చి, పుట్టిన వరస పక్కన రాయండి. ఒకసారి బంధువులకు పంచిన నంబరు మారితే పాత కాగితాలన్నీ తప్పుతాయి. ఎక్సెల్‌లో రాసేవారు ముందుగా ఆ గడులను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. లేకపోతే 1.10 అని కొట్టగానే అది 1.1 అయిపోతుంది, పదో బిడ్డ కాస్తా పెద్ద బిడ్డ అవుతాడు.

మన పాత వంశవృక్షాలు చాలావాటిలో కూతుళ్ల పేర్లుండవు, ఉన్నా వారి దగ్గరే కొమ్మ ఆగిపోతుంది. మేనత్త, మేనమామ, బావ, మరదలు అన్న వరసలన్నీ ఆడపడుచు మీదుగా నడిచే సమాజంలో అది సగం చెట్టు. కొత్తగా రాసేవారు కూతుళ్లకూ, వారి పిల్లలకూ అదే వరసలో నంబర్లు ఇవ్వండి.