చెఱకు కోతలు, ఆఱవ తరగతి

నారాయణఖేడ్ ప్రాంతమున ప్రాథమికోన్నత పాఠశాలలో పాఠము చెప్పువానికి, విద్యాశాఖవారి సెలవుల పట్టికతోపాటు చెఱకు కోతల కాలము కూడ కంఠస్థమై యుండవలెను. దసరా సెలవులు ముగిసి బడి తెఱచునాటికి, మేస్త్రీ యొద్ద ముందుగా పుచ్చుకొన్న అడ్వాన్సు తీర్చుటకై తండాలలోని కుటుంబములెన్నియో కర్ణాటక, మహారాష్ట్రములలోని చక్కెర కర్మాగారముల దిక్కునకు లారీలెక్కి తరలిపోవును. చంటితమ్ముని చంకనెత్తుకొని ఆఱవ తరగతి బాలికయు వారి వెంట పోవును. ఆమె ఉగాదికి మరలి వచ్చునప్పటికి, భిన్నముల కడ విడిచిపోయిన గణితము దశాంశములు దాటి క్షేత్రమితిని చేరియుండును.

ఈ ప్రాంతము 1956 వఱకు బీదరు జిల్లాలోనిది, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది; జిల్లాలు మారినను ఇండ్లలోని భాషలు మారలేదు. తండాలో లంబాడీ, ఊరిలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ. 2022-23 నుండి ఆంగ్ల మాధ్యమమును వచ్చినది. ఒక పుట ఆంగ్లము, ఎదుటి పుట తెలుగుగా నున్న పాఠ్యపుస్తకమును ముందిడుకొని, ఆ బాలిక వ్రేలిని ఒక పుటనుండి రెండవ పుటకు జరుపుచు, రెంటను అర్థము చిక్కక ప్రక్కపిల్లను లంబాడీలో మెల్లగా అడుగుట నేను పలుమాఱులు చూచితిని. తరగతిలో మాటలాడవలదని గద్దించు అలవాటును ఉపాధ్యాయుడు అక్కడనే విడువవలెను. బోధన నిజముగా జరుగుచున్నది ఆ గుసగుసలోనే.

వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణ మొసగవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. వలసపోవువారి పిల్లలు ఊరనే నిలుచుటకు సీజనల్ హాస్టళ్లును ఏర్పడినవి. అవ్వతాతల అండ లేని యింటికి అవియే దిక్కు. అయినను, ఇద్దఱు ముగ్గురు ఉపాధ్యాయులే అన్ని తరగతులను మోయు బడిలో ఆ శిక్షణకు వేళ యెక్కడిది? మధ్యాహ్న భోజనానంతరము తరగతుల భేదము విడిచి, చదువ నేర్చినవారిని నేర్వనివారి సరసన కూర్చుండబెట్టి, బిగ్గఱగా చదివించుటయే మాకు తోచిన ఉపాయము. రిజిష్టరులోని హాజరుకంటె, చెఱకు తోటనుండి వచ్చిన పిల్ల ఎన్ని దినములలో పేరా నొకటి తడబడక చదివినదో అదియే అభివృద్ధికి సరియైన కొలతయని నా దృఢవిశ్వాసము.

ఏడవ తరగతితో మా బడి ముగియును. ఆపై ఉన్నత పాఠశాల వేఱొక యూరిలో. బడివేళకు బస్సు రాని తండాలో తల్లిదండ్రులు ఆడపిల్లను ఒంటరిగా పంపుటకు జంకి, మరుసటి దసరాకు తమతో చెఱకు కోతకే కొనిపోవుచున్నారు. కావున ఆ బస్సును వేళకు నడిపింపుడని అధికారులను వేడుచున్నాను.